జర్మనీ హరితమేఖల

పొలము గట్టును జానెడు జరిపినందులకు మూడు తరములు కోర్టుల కెక్కిన కుటుంబములు మన జిల్లాలలో కొల్లలుగా నున్నవి. గట్టు విలువ నెరిగిన మన పాఠకులకు ఈ ప్రశ్న వింతగా దోపదు: ఒక దేశము నడుమ 1,393 కిలోమీటర్ల పొడవున గట్టు వేసి, దాని ప్రక్కనున్న పొలములను, తోటలను, ఇండ్లను లాగికొని, నలువది సంవత్సరములు తుపాకితో కాపాడి, తుదకు ఒక్క రాత్రిలో విడిచిపెట్టినచో, ఆ భూమి యెవరిది? దానిని మొదట పోగొట్టుకొన్న రైతుదా? దానికి వారసుడైన ప్రభుత్వముదా? లేక నలువది సంవత్సరములు దానిని నిరాటంకముగా ననుభవించిన పక్షులదా?

జర్మనీలో ఈ ప్రశ్న 1989 నవంబరు 9వ తేదీ రాత్రి పుట్టినది. నాడు బెర్లిను గోడయు, దేశము నడిమి సరిహద్దును తెరువబడెను. నేడు ఉత్తరమున బాల్టికు సముద్రపు టొడ్డునుండి దక్షిణమున బవేరియా, సాక్సొనీ, చెకు దేశములు కలిసికొను ముక్కోణము వరకు, 50 మొదలు 200 మీటర్ల వెడల్పున, సుమారు 177 చదరపు కిలోమీటర్ల నేల 'గ్రూనెస్ బాండ్' అను పేరున నిలిచియున్నది. హరితమేఖల యని దాని కర్థము చెప్పవచ్చును. పటమున జూచిన దారపుపోగు వంటి ఈ పట్టె యెట్లు మిగిలినదో, మిగిలించుటకు ఎవరెవరు ఏమేమి చెల్లించిరో తెలిసికొనుట భూమి గలవారికిని, భూమిని గురించి శాసనములు చేయువారికిని ఉపయోగకరము.

1945లో జర్మనీ యోడిపోగా విజేతలు ఆ దేశమును పంచుకొనిరి. 1949లో ఆ పంపకమునుండి రెండు రాజ్యములు వెలసెను. మొదట కొన్ని సంవత్సరములు సరిహద్దు కాగితముపై గీతగనే యుండెను. ఈవలి రైతు ఆవలి తన చేనికి బోయి దున్నుకొని వచ్చుటయు, పెండ్లిండ్లకు రాకపోకలును సాగుచుండెను. 1952 మే 26వ తేదీన తూర్పు జర్మనీ ప్రభుత్వము ఆ గీతను కాగితమునుండి నేలమీదికి దింపినది. సరిహద్దు నానుకొని పది మీటర్ల పట్టెను దున్ని, అడుగుజాడ పడిన దెలియునట్లు చదును చేసిరి. దాని వెనుక ఐదువందల మీటర్లు రక్షణభూమి. ఆ వెనుక ఐదు కిలోమీటర్ల లోతున నిషిద్ధ ప్రాంతము. ఆ ప్రాంతమున నివసించువారిలో ప్రభుత్వమునకు నమ్మకము లేని కుటుంబములను, ముల్లెమూటలు కట్టుకొనుటకైనను చాలినంత వ్యవధి నీయక, బండ్ల కెక్కించి దూరదేశమునకు తరలించిరి. తురింజియా రాష్ట్రములో ఈ కార్యమునకు అధికారులు పెట్టుకొన్న పేరు 'ఉంగెట్సీఫర్'. చీడపురుగులని దాని యర్థము. తమ పొలమును తాము దున్నుకొనుచున్న రైతులకు పెట్టబడిన పేరిది. 1952లోను, మరల 1961లోను, రెండు విడతలు కలిపి పదివేల మందికి పైగా ఇట్లు ఇల్లు వాకిళ్ళు పోగొట్టుకొనిరి.

తరువాతి కథ లోక మెరిగినదే. కంచెలు మూడు మీటర్ల యెత్తునకు పెరిగినవి. ఆ దశాబ్దములలో సుమారు 13 లక్షల మందుపాతరలు నేలలో పూడ్చబడెను. 1970వ దశాబ్దమున కంచెను తాకినంతనే తమంతట తాము పేలు యంత్రములను బిగించిరి. అవి 1984 నాటికి తొలగింపబడెను. మ్యోడ్లరాయిట్ అను ఏబది మంది కాపురమున్న పల్లెలో పిల్లకాలువ యొకటి సరిహద్దయ్యెను. 1966లో ఆ పల్లె నడుమ గోడ లేచెను. కాలువ కావలి బంధువును చేయి యెత్తి పలుకరించుటయు నేరమయ్యెను. దాటబోయి చచ్చినవారు కొన్ని వందలు.

ఇంతటి క్రూరభూమిలో పక్షి యేల చేరినది? కారణము నిగూఢమైనది కాదు. ఆ దశాబ్దములలోనే జర్మనీ యిరుభాగములందును వ్యవసాయపు రీతి మారినది. పశ్చిమమున చిన్నచిన్న కమతములను కలిపి, గట్లమీది పొదలను కొట్టి, చిత్తడి నేలలకు మురుగుకాలువలు తవ్వి, ఎరువులు దట్టముగా వేసిరి. తూర్పున సమష్టి క్షేత్రములు వెలసి, చూపుమేరయంతయు ఒకే చేనయ్యెను. రెంటి నడుమ ఒక్క పట్టె మాత్రము నాగలికిని, ఎరువునకును అందక మిగిలెను. కంచె అసలు సరిహద్దునకు ఆనుకొని యుండక కొంత వెనుకకు కట్టబడినందున, కంచెకును సరిహద్దు రాతికిని నడుమ నున్న నేలపై మనుష్యసంచారమే అరుదు. అదియుగాక, తుపాకి గురికి అడ్డు రాకుండ సైనికులు అప్పుడప్పుడు చెట్లను నరికించుచుండిరి. అందుచే నా పట్టె కీకారణ్యము గాకయు, చేను గాకయు, గడ్డిబీడు, పొద, చిత్తడి, చిన్న వనము ఒకదానిప్రక్క నొకటిగా నుండెను. ఒక్క సంగతి మరువరాదు. అడుగుజాడల పట్టెపై మొక్క మొలవకుండ విషపుమందులు చల్లిన దాఖలాలు గూడ గలవు. సరిహద్దు సైన్యము ప్రకృతిని కాపాడినదని యెవరైన ననినచో, అది కుక్క కాపలా కాయుచుండగా దొడ్డిలో మొలచిన తులసికి కుక్కను పూజించినట్లుండును.

ఈ సంగతిని మొదట గుర్తించినవాడు సరిహద్దు ప్రక్కన, బవేరియాలోని కోబుర్గు పట్టణమునకు చేరువపల్లెలో పెరిగిన కై ఫ్రోబెల్ అను యువకుడు. 1959లో జన్మించిన యితడు విద్యార్థిదశలోనే దూరదర్శినితో సరిహద్దు పక్షులను లెక్కించుచుండెను. 'బ్రౌన్‌కేల్చెన్' అను నొక చిన్నపిట్ట గలదు. గోధుమవన్నె గొంతుది యని ఆ పేరున కర్థము. అది గడ్డినేలపై గూడు కట్టి, ఎత్తైన మోడుమీదనో గుంజమీదనో కూర్చుండి పాడును. పొలములలో గుంజలును, ఎండిన కాడలును మాయమైనవి. సరిహద్దునందు ప్రభుత్వమువారు పాతిన గుర్తుగుంజలు మాత్రము వరుసగా నున్నవి. పిట్టకు గుంజ కావలెను గాని, దానిపై నెవరి రాజ్యముద్ర యున్నదో దానితో పనిలేదు. 1979 మొదలు బవేరియా ప్రకృతిరక్షణ సంఘమువారు ఫ్రోబెల్‌తో గూడి ఆ ప్రాంతమును క్రమముగా పరిశీలింపగా, చుట్టుప్రక్కల గూళ్ళు పెట్టు ఈ జాతి పిట్టలలో పదింట తొమ్మిదికి పైగా సరిహద్దుపట్టెలోనే యున్నట్లు తేలినది. 1988లో హైన్త్స్ సీల్‌మన్ అను ప్రసిద్ధ చలనచిత్రకారుడు సరిహద్దు నీడలోని జంతువులను గురించి యొక చిత్రము తీసి, ఈ భూమి యొకనాడు దేశమునంతను కలుపు రక్షితవనము కావలెనని అందు కోరెను. ఆ కోరిక నప్పుడు విన్నవారు దానిని కవి భావనగ దలచియుందురు. మరుసటి యేటనే కంచె తెగినది.

గోడ కూలిన నెలకు సరిగా, 1989 డిసెంబరు 9వ తేదీన, బవేరియాలోని హోఫ్ పట్టణమున తూర్పు పశ్చిమముల ప్రకృతిప్రియులు సుమారు నాలుగువందల మంది సమావేశమైరి. దేశమంతయు ఏకీకరణమును గూర్చియు, నాణెమును గూర్చియు, నాయకులను గూర్చియు చర్చించుచున్న ఆ రోజులలో, వీరు గడ్డిపట్టెను గూర్చి తీర్మానము చేసిరి. ఫ్రోబెల్‌తో పాటు హ్యూబర్ట్ వైగర్ అను నాయకుడు ఈ యత్నమునకు మూలస్తంభము. సరిహద్దుభూమిని హరితమేఖలగా రక్షింపవలెనని కోరుచునే, ఈ కోరిక సరిహద్దుకు తరువాతి సమర్థనగా గ్రహింపరాదని వారు ఆ తీర్మానములోనే స్పష్టపరచిరి. ఈ యొక్క వాక్యముచే వారి కోరికకు గౌరవము కలిగినది. లేనియెడల చచ్చినవారి బంధువుల ముఖమును వారు చూడగలిగియుండెడివారు కారు.

తూర్పు జర్మనీ రాజ్యము అంతరించుటకు మూడువారముల ముందు, 1990 సెప్టెంబరు 12వ తేదీన, దాని మంత్రివర్గము తన కడపటి సమావేశములో పదునాలుగు విశాల ప్రాంతములను రక్షితభూములుగా ప్రకటించెను. ఆ యేటి మొదట కొన్ని నెలలు ఉపమంత్రిగా నున్న మిఖాయెల్ జుక్కో అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ ప్రణాళికకు ప్రధానకారకుడు. వానిలో హార్త్స్ పర్వతము, రోన్ కొండలు, షాల్‌జే సరస్సు మొదలైనవి సరిహద్దు నానుకొన్నవే. 1961 మొదలు సామాన్యజనులకు నిషిద్ధమై, 1989 డిసెంబరు 3వ తేదీన మాత్రమే జనము బలవంతముగా తలుపు తెరిపించుకొన్న బ్రోకెన్ శిఖరము ఈ విధముగా జాతీయవనములో చేరినది. మరణశయ్యపై నున్న ప్రభుత్వము వ్రాసిన వీలునామా యిది. బ్రదికినన్నాళ్ళు చేసిన పనులకంటె ఇదియే మేలైనదని మా యభిప్రాయము.

అయితే ఇవి యెల్ల పెద్ద వనములు. వాని నడుమ దారమువలె సాగు పట్టెకు దిక్కెవరు? అచ్చటనే అసలు చిక్కు వచ్చినది. సరిహద్దు తెరచిన మొదటి యేండ్లలోనే ఇరువైపుల నుండియు నాగళ్ళు పట్టెలోనికి దిగినవి. నలువది సంవత్సరములు బీడుగా నున్న నేలను చూచి యూరకుండగల కాపు ఏ దేశమున నున్నాడు? కొన్నిచోట్ల రహదారులు దానిని ఖండించినవి. ఇట్లు సుమారు ఎనిమిదింట నొకవంతు చెడినది. ఆ చెడినచోట్లు మేఖలలో తెగినపోగులవలె నేటికిని కనబడుచున్నవి. పూడ్చిన పాతరలు మిగిలిపోయినవేమో యను భయము వలన మాత్రము మరికొంతనేల దక్కినది. వెదకి తొలగించు పని 1995 వరకు జరిగినది.

ఇక యాజమాన్యపు మాట. సరిహద్దుకై లాగికొనబడిన పొలములు తూర్పు ప్రభుత్వము పేర నమోదై, ఏకీకరణముతో సమైక్య జర్మనీ కేంద్రప్రభుత్వమునకు సంక్రమించెను. పాత యజమానులు తమ నేల తమ కిమ్మనిరి. ఇంతకంటె న్యాయమైన కోరిక యేమున్నది? కాని 1996 నాటి చట్టము వారికి భూమిని ఉచితముగా నీయలేదు. నాటి ధరలో నాలుగవవంతు చెల్లించినచో తిరిగి కొనుక్కొనవచ్చుననెను. ప్రజాప్రయోజనమునకు ఆ నేల కావలసివచ్చినచో తిరిగి యీయక, ధరలో ముప్పాతికవంతు పరిహారముగా నిచ్చుననెను. చీడపురుగులని తరుమబడిన రైతు తన సొంత చేనికి తానే పాతికవంతు క్రయమిచ్చుకొనవలెనట! దొంగ సొమ్మును పట్టుకొన్న తలారి సొమ్ముగలవానిని వాటా అడిగిన చందమిది. స్వాధీనము చేసికొన్నది వేరొక ప్రభుత్వమనియు, వచ్చిన ధనము తూర్పు రాష్ట్రముల యభివృద్ధి నిధికే పోవుననియు చట్టము చేసినవారు సమాధానము చెప్పిరి. ఆ సమాధానము ఖజానాకు తృప్తి కలిగించును గాని రైతునకు కలిగింపదు.

మేఖల పక్షపాతులు ఈ యన్యాయముపై మరియొక యన్యాయమును పేర్చియుండవచ్చును. పక్షులకై నేల కావలెను గనుక లాగికొమ్మని ప్రభుత్వమును ప్రేరేపించియుండవచ్చును. లాగికొను విద్య ఆ నేలపై అభ్యాసమైనదే గదా. వారట్లు చేయక కొనసాగిరి. 'బుంద్' అను ప్రకృతిరక్షణ సంఘము చందాలు కూడబెట్టి, ఇష్టపడి అమ్మువారి యొద్ద తునుకతునుకగా నేలను కొనుచు వచ్చినది. 65 యూరోలు ఇచ్చినవారికి హరిత వాటాపత్ర మొకటి యిచ్చెదరు. ఈ వాటాకు లాభము లేదు, నేలపై హక్కు లేదు, అమ్ముకొను వీలు లేదు. భూమి సంఘము పేరనే యుండును. అట్టి పత్రమును 2002లో స్వీకరించినవారిలో మిఖాయిల్ గోర్బచేవ్ ఒకడు. ఏ సరిహద్దుకు తన దేశపు సైన్యము వెన్నుదన్నుగా నుండెనో, ఆ సరిహద్దుపై గడ్డి పెరుగుటకు ఆయన వాటాదారు డగుట చరిత్రలోని చమత్కారములలో నొకటి.

ప్రభుత్వము గూడ తన చేతిలో మిగిలిన నేలను గురించి మనసు మార్చుకొనెను. పట్టెలోని కేంద్రభూములను బేరమునకు పెట్టక, జాతీయ ప్రకృతిసంపదగా రాష్ట్రముల కుచితముగా నిచ్చుటకు 2005లో నిశ్చయము జరిగినది. మేఖలలో సగమునకు మించిన భాగము, అనగా 763 కిలోమీటర్లు, తురింజియా రాష్ట్రము పొడవున సాగుచున్నది. చీడపురుగుల పేరు పుట్టిన రాష్ట్రమదే. 2018లో ఆ రాష్ట్ర శాసనసభ తన భాగమును జాతీయ ప్రకృతిస్మారకముగ ప్రకటించెను. 2019లో సాక్సొనీ-అన్‌హాల్ట్ రాష్ట్రము దాని ననుసరించెను. స్మారకమను మాట యాలోచించి పెట్టినది. పక్షిని మాత్రమే గాక, సైనికులు తిరిగిన బెజ్జముల సిమెంటుపలకల బాటను, కందకమును, నిలిచిన కావలిబురుజును, ఖాళీ చేయబడిన పల్లెల ఆనవాళ్ళను గూడ కాపాడవలెనని దాని భావము.

సరిహద్దు పోయినచో దాని నేల తనంతట తానే రక్షింపబడునని తలచువారు మన దేశపు ముచ్చట నొకదానిని జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. ఉప్పుపన్ను ఎగవేయకుండుటకై ఆంగ్లప్రభుత్వము సింధునది మొదలు ఒరిస్సా ప్రాంతము వరకు సుంకపుసరిహద్దు నేర్పరచి, దానిపై వందలకొలది మైళ్ళు ముండ్లకంచెను పెంచి, సుమారు పండ్రెండువేల మందిని కాపలా పెట్టినది. 1867 మొదలు 1870 వరకు ఆ శాఖకు కమీషనరుగా నున్నవాడు ఆలన్ అక్టేవియన్ హ్యూమ్. పిమ్మట 1885లో కాంగ్రెసు స్థాపనకు పూనుకొన్న హ్యూమ్ ఈయనయే. భారతదేశపు పక్షులను గూర్చిన శాస్త్రమునకు పితామహుడని పేరుగన్నవాడును ఈయనయే. ముండ్లకంచె యెట్లు పెంచవలెనో ఆయన యెంత శ్రద్ధతో చూచెనో, ఆ పొదలలో చేరిన పక్షులను అంత శ్రద్ధతోడను చూచియుండునని యూహింపవచ్చును. 1879లో ఆ సుంకపుసరిహద్దు రద్దయినది. ఎవరును అడుగలేదు, ఎవరును కొనలేదు. కంచె పొలములలోను, బాటలలోను కలిసిపోయి, నూరేండ్ల పిమ్మట వెదకబోయినవారికి ఆనవాలు దొరకుటయే దుర్లభమయ్యెను. ఆ కంచె పోయినందుకు మనకు విచారము లేదు. పోయినచోటు గూడ తెలియకపోవుట మాత్రము నష్టమే.

జర్మనులకు నేల చేతికి వచ్చిన పిమ్మట తెలిసివచ్చిన చిత్రమొకటి గలదు. ఊరక విడిచినచో ఆ నేల నిలువదు. తుపాకి గురికై చెట్లు నరికినవాడు పోగా, పది పదిహేనేండ్లలో చెట్లు గుబురుగా లేచి గడ్డినేలను మింగివేయసాగెను. గడ్డిబీడు పోయినచో దానిపై నాధారపడిన పిట్ట, సీతాకోకచిలుక, ఆర్కిడ్ పుష్పము పోవును. సరిహద్దు జాడయు కనబడదు. ఇందుచే నిప్పుడు కూలీలను పెట్టి పొదలు కొట్టించుచు, గొర్రెలమందలను, పసులను తోలించి మేపించుచున్నారు. సైనికుడు భయముతో చేసిన పని గొర్రెలకాపరి జీతముతో చేయుచున్నాడు. కొందరు శాస్త్రజ్ఞులు అంతటను ఇట్లు గొరుగుట తగదనియు, కొన్నిచోట్ల వనమునే పెరుగనీయవలెననియు చెప్పుచున్నారు. నల్లకొంగకు, అడవిపిల్లికి వనమే మేలు గనుక ఆ మాటయు కొట్టివేయరానిది. పట్టెలో నిప్పటికి కనుగొనబడిన జీవజాతులలో క్షీణించుచున్నవని గుర్తింపబడినవి 1,200కు పైగా నున్నవి. అన్నిటికి నొక్కటే వైద్యము పనికిరాదు.

కంచె పోయినను కంచె జ్ఞాపకము మృగములను వదలలేదు. ఇది మేఖలకు దక్షిణమున, బవేరియాకును చెకు దేశమునకును నడుమనున్న అడవిలో జరిగిన పరిశీలనము. ఎర్రదుప్పుల మెడలకు యంత్రపుపట్టెలు కట్టి సంవత్సరములకొలది వెంబడింపగా, విద్యుత్తు కంచె తీసివేసి పాతికేండ్లయినను అవి యా గీతను సాధారణముగా దాటుటలేదని 2014లో వెల్లడియైనది. ఆ దుప్పులలో నొకటియు కంచెను చూచినది కాదు. తల్లి నడచిన బాటనే పిల్ల నేర్చును. ఆ పిల్ల తన పిల్లకు నేర్పును.

ఆ చెకు సరిహద్దుతో జర్మనీ పట్టెను, ఉత్తరమున ఫిన్లండు అడవులను, దక్షిణమున బాల్కను కొండలను కలిపి, ఇరువదినాలుగు దేశముల గుండ 12,500 కిలోమీటర్ల ఐరోపా హరితమేఖల కావలెనని 2003 మొదలు ప్రయత్నము సాగుచున్నది. కొరియా దేశము నడుమ 1953 నాటి యుద్ధవిరమణముతో నేర్పడిన 250 కిలోమీటర్ల పట్టెలో గూడ శీతకాలమున క్రౌంచపక్షులు దిగుచున్నవి. కాని యది యింకను కోటయే. పాతరలు నేలలోనే యున్నవి. అచ్చటి పక్షులు రక్షితములు కావు, బందీలకు పొరుగువారు మాత్రమే.

జర్మనీలో నిప్పుడు మిగిలిన కష్టము మరల పొలము గట్టు దగ్గరకే వచ్చుచున్నది. ఏ పిట్టను జూచి ఫ్రోబెల్ ఈ పని నారంభించెనో, ఆ గోధుమగొంతు పిట్ట జర్మనీ యంతటను తగ్గిపోవుచున్నది. 2023లో దానిని ఆ సంవత్సరపు పక్షిగా ఎన్నుకొనుటకు కారణము ఆ తగ్గుదలయే. ఏబది నుండి ఇన్నూరు మీటర్ల పట్టె దానికి చాలుటలేదు. అది నేలపై గూడు పెట్టును. పిల్లలు ఎగురుటకు జూలై మాసము వరకు పట్టును. ప్రక్క చేనివాడు పసుల మేతకై మే మాసముననే గడ్డి కోసినచో గూడును, గ్రుడ్లును కొడవలి పాలగును. కోత నాలస్యము చేసిన రైతునకు నష్టమును కట్టి యిచ్చు పద్ధతి యున్నది. ఆ సొమ్ము కొందరికి చాలును, కొందరికి చాలదు. చాలనివారితో సంఘమువారు ప్రతి వసంతమునను, ఒక్కొక్క చేనికి వేరువేరుగా, కోత తేదీని బేరమాడుచున్నారు.